సావాస దోషమా, పెంపకం లోపమా?

ఈసారి అందిన ఉత్తరాల్లో విశాఖపట్నం పాఠకులు రాసినవి నాలుగు ఒకే బాధ చుట్టూ తిరుగుతున్నాయి. ఈ సంచికలో శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు. పిల్లలను గుర్తుపట్టే వీలున్న వివరాలు కూడా తొలగించాను.

ప్రశ్న: మా వారు ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగి. మా అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పదో తరగతి దాకా మా మాట జవదాటి ఎరగడు. కాలేజీలో చేరిన కొద్ది నెలలకే నలుగురు కుర్రాళ్లతో జట్టు కట్టాడు. వాళ్ల నాన్న సి షిఫ్టుకు వెళ్లిన రాత్రులు నేను నిద్రపోయాక నా స్కూటర్ తీసుకుని వెళుతున్నాడని ఆలస్యంగా తెలిసింది. చొక్కాకు సిగరెట్ వాసన వస్తోందంటే పక్కవాడు కాల్చాడన్నాడు. పోయిన నెల అర్ధరాత్రి బీచ్ రోడ్డులో బండ్లతో పందేలు వేస్తుంటే పోలీసులు పట్టుకుని మమ్మల్ని స్టేషన్‌కు పిలిపించారు. ఇంటికి వచ్చాక మా వారు బెల్టుతో కొట్టారు. ఆ రోజు నుంచి వాడు మాతో మాట్లాడటం మానేశాడు. మా అత్తగారు నా పెంపకాన్నే తప్పుపడుతున్నారు. ఆ నలుగురే వాడిని చెడగొట్టారని నా నమ్మకం. కాలేజీ మాన్పించి విజయవాడలో హాస్టల్లో చేర్పిస్తానని మా వారు పట్టుబడుతున్నారు. తప్పు ఎవరిది? మేమేం చేయాలి?
ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, తప్పు ఎవరిదన్న మీ ప్రశ్నకు ఒక్కరి పేరు చెప్పి ఊరుకోవడం కుదరదు. ఈ వయసు పిల్లల మీద స్నేహితుల ప్రభావం ఒక చోట బలంగా పనిచేస్తుంది, తల్లిదండ్రుల ప్రభావం మరో చోట పనిచేస్తుంది. ఆ రెండు చోట్లు ఏవో తెలిస్తే మీరు చేయవలసింది కూడా చాలావరకు తేలిపోతుంది.

ముందు స్నేహితుల సంగతి చూద్దాం. 2005లో అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 306 మందితో కంప్యూటర్ మీద కారు నడిపే ఒక ఆట ఆడించారు. వారిలో 13–16 ఏళ్లవారు, 18–22 ఏళ్లవారు, 24 దాటినవారు ఉన్నారు. ట్రాఫిక్ దీపం పసుపు రంగులోకి మారాక ఎంత దూరం పోతే అన్ని పాయింట్లు వస్తాయి. సమయానికి ఆపకపోతే కారు గుద్దుకుంటుంది, వచ్చిన పాయింట్లు పోతాయి. ఒంటరిగా ఆడినప్పుడు మూడు వయసులవారూ ఇంచుమించు ఒకేలా జాగ్రత్తపడ్డారు. పక్కన ఇద్దరు స్నేహితులు నిలబడి చూస్తున్నప్పుడు మాత్రం 24 దాటినవారి ఆట మారలేదు, 13–16 ఏళ్ల పిల్లల తెగింపు దాదాపు రెట్టింపయింది. 2011లో వచ్చిన మరో పరిశోధనలో స్నేహితులు పక్క గదిలోంచి చూస్తున్నారని తెలిసినంత మాత్రానే ఈ వయసువారి మెదడులో ఆనందానికీ ప్రతిఫలానికీ స్పందించే భాగాలు ఎక్కువగా ఉత్తేజం పొందినట్టు స్కానింగులో కనిపించింది.

దీన్నిబట్టి రెండు విషయాలు గ్రహించాలి. బండి వేగంగా నడిపితే ప్రాణం మీదికి వస్తుందని మీ అబ్బాయికి తెలియక కాదు. మీకు ఎంత తెలుసో వాడికీ అంతే తెలుసు. కాబట్టి ప్రమాదాల గురించి గంటసేపు చెప్పినా పెద్దగా ఫలితం ఉండదు. ఇక రెండోది, ఆ నలుగురిలో ఎవరో ఒకరు పనిగట్టుకుని వాడిని చెడగొట్టి ఉండాల్సిన అవసరం లేదు. ఆ అయిదుగురిలో ప్రతి ఒక్కరికీ మిగతా నలుగురు చూస్తున్నారన్న స్పృహే చాలు. మీరు ఆ పిల్లల గురించి అనుకుంటున్నదే, ఆ నలుగురి తల్లులూ మీ అబ్బాయి గురించి అనుకుంటూ ఉండవచ్చు.

ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దలన్నారు. అది నిజమే గానీ, ఎవరితో సావాసం చేయాలో ఎంచుకున్నది మీ అబ్బాయే కదా? పదో తరగతి దాకా ఉన్న స్నేహితులు ఇంటర్‌లో తలో కాలేజీకి చెదిరిపోతారు. అంతవరకు తరగతిలో ముందున్నవాడు కొత్త సెక్షన్‌లో వెనకపడవచ్చు. చదువులో దొరకని గుర్తింపు బండి మీద దొరుకుతుందని తోచిన పిల్లవాడు అటే మళ్లుతాడు. కాలేజీలో చేరినప్పటి నుంచి వాడి మార్కులు ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. తెలుసుకోండి. మార్కులు పడిపోయాయని తెలిసినా వెంటనే దాని మీద నిలదీయకండి.

ఇక తల్లిదండ్రుల ప్రభావం దగ్గరికి వద్దాం. నా దృష్టిలో అసలు విషయం ఇదే. పిల్లలను కనిపెట్టుకుని ఉంటే చెడిపోరని చాలాకాలం పరిశోధకులు కూడా భావించారు. 2000లో స్వీడన్‌లో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 14 ఏళ్ల పిల్లలనూ వారి తల్లిదండ్రులనూ అడిగి చూశారు. పిల్లల తిరుగుళ్ల గురించి తల్లిదండ్రులకు ఎక్కువ తెలిసిన ఇళ్లలో పిల్లల దుడుకుతనం తక్కువగానే ఉంది. అయితే వారికి ఆ సంగతులు తెలిసింది ప్రధానంగా నిఘా వల్లా కాదు, ఆరా తీయడం వల్లా కాదు, పిల్లలు తమంతట తాము వచ్చి చెప్పడం వల్ల. అమ్మా, బెల్టు దెబ్బలకు మీ ఇల్లు కోల్పోయింది ఆ చెప్పుకోవడాన్నే. వాడు మీతో మాట్లాడటం మానేసిన రోజు నుంచి వాడి గురించి ఏదైనా తెలుసుకునే ముఖ్యమైన దారి మూసుకుపోయింది.

అయిదేళ్ల వరకు లాలించాలి, పదేళ్లపాటు దండించాలి, పదహారు రాగానే మిత్రుడిలా చూడాలి అనే శ్లోకాన్ని మన ఇళ్లలో తరచు వింటుంటాం. దండించడాన్ని సమర్థించుకునేవారు సాధారణంగా రెండో మాట దగ్గరే ఆగిపోతారు. ఆ రెండో మాటను నేను ఒప్పుకోను. ఒప్పుకునేవారికి కూడా మీ అబ్బాయి వయసు మూడో మాటకు చెందినది.

అలాగని చూసీ చూడనట్టు వదిలేయమని అనడం లేదు. డయానా బౌమ్రిండ్ 1960లలో మొదలుపెట్టిన అధ్యయనాల నుంచి పిల్లల పెంపకం మీద జరిగిన పరిశోధనలో చాలాభాగం చెప్పేది ఇదే: ఆప్యాయత ఉండి కట్టుబాటు లేని ఇల్లు, కట్టుబాటు ఉండి ఆప్యాయత లేని ఇల్లు, రెండూ పిల్లలకు మేలు చేయవు. ఆప్యాయత, కట్టుబాటు కలిసి ఉండాలి, పెట్టిన నియమానికి కారణం చెప్పాలి.

హాస్టల్ ఆలోచన మానుకోమని మీ వారికి చెప్పండి. మాట వినని పిల్లలు ఒకచోట చేరితే ఏమవుతుందో 1999లో థామస్ డిషన్, ఆయన సహచరులు వివరించారు. దారి తప్పిన పిల్లలను బాగుచేయాలని ఒక బృందంగా కూర్చోబెట్టిన కొన్ని కార్యక్రమాల వల్ల వారి ప్రవర్తన మరింత దిగజారింది. అంతకుముందు చేసిన పరిశోధనలో ఆయన 13–14 ఏళ్ల మగపిల్లలు స్నేహితులతో మాట్లాడుకోవడాన్ని వీడియో తీసి పరిశీలించారు. నియమాలు ఉల్లంఘించిన కబుర్లు చెప్పినప్పుడు ఎదుటివాడు నవ్వే జంటల్లో, తరువాతి కాలంలో తప్పుడు పనులు పెరిగాయి. కబుర్లు చెప్పినవాడికి ఆ నవ్వే బహుమానం. హాస్టల్లో ఆ నవ్వు రాత్రింబవళ్లు దొరుకుతుంది. అడ్డుకునే ఇల్లు మాత్రం దగ్గరలో ఉండదు.

ఇప్పుడు చేయవలసిన పనులు చెబుతాను. మొదటి మాట మీ వారి నుంచి రావాలి. "నిన్ను కొట్టడం తప్పు, మళ్లీ కొట్టను. నువ్వు చేసిన పని కూడా తప్పే, దాని గురించి మాట్లాడుకోవాలి" అని ఆ రెండు మాటలూ ఒకేసారి చెప్పాలి. వాడు జవాబు ఇవ్వకపోయినా సరే, ఆ రోజుకు అంతే చాలు.

బండి తాళం మీ దగ్గర ఉండాలి. ఇందులో బేరాలు వద్దు. 16 నిండినవారికి చట్టం అనుమతించేది లైసెన్సుతో 50 సీసీ లోపు గేర్లు లేని బండి మాత్రమే, మీ స్కూటర్ ఆ కోవలోకి రాదనుకుంటాను. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు నడిపి నేరం చేస్తే సంరక్షకులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది, పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. మీకు తెలియకుండా జరిగిందని నిరూపించుకోవలసిన భారం కూడా మీదే. ఈ వివరాలు బెదిరింపుగా కాకుండా, పత్రిక చూపించి చదివించండి.

ఆ నలుగురితో మాట్లాడవద్దని ఆంక్ష పెట్టకండి. వాళ్లను ఒక ఆదివారం భోజనానికి పిలవండి. విచారణ చేయకుండా వడ్డిస్తూ గమనించండి. ఎవరు ఏమన్నా ముందు ఎవరి ముఖం వంక చూస్తున్నారు, ఎవరి మాటకు అందరూ నవ్వుతున్నారు, మీ అబ్బాయి వారిలో మాట్లాడేవాడా, వినేవాడా అన్నది ఒక పూటలో తెలిసిపోతుంది. వాళ్ల తల్లుల ఫోన్ నంబర్లు తీసుకోండి. స్నేహితుల తల్లిదండ్రులు ఆప్యాయతతో పాటు కట్టుబాటు పాటించేవారైతే ఆ మేలు తమ పిల్లలకే కాక ఆ పిల్లల స్నేహితులకు కూడా దక్కుతుందని 1995లో ఒక అధ్యయనం తేల్చింది. రాత్రి పది తరువాత ఎవరి ఇంట్లోంచీ బండి బయటికి రాకూడదని అయిదు ఇళ్లవాళ్లూ కలిసి నిర్ణయించుకుంటే, అయిదుగురు పిల్లల్లో ఎవరికీ మిగతావారి ముందు తలవంపు ఉండదు.

మీ అత్తగారికి కూడా ఒక మాట చెప్పండి. పిల్లవాడి ఎదుట తల్లి పెంపకాన్ని తప్పుపడితే, తల్లి పెట్టిన నియమానికి వాడి దృష్టిలో విలువ తగ్గిపోతుంది.

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. మా జట్టు సాయంత్రాలు సముద్రపు ఒడ్డున రాళ్ల మీద కూర్చుంటుంది. ఈ మధ్య ఇద్దరు గంజాయి తెస్తున్నారు. నేను వద్దన్నాను. అప్పటి నుంచి నన్ను పప్పుసుద్ద అని పిలుస్తున్నారు. వాళ్లను వదులుకోవాలని లేదు, నాకు వేరే స్నేహితులు లేరు. ఇంట్లో చెబితే అసలు బయటికే పంపరు. ఎలా తప్పించుకోవాలి?
ఇంటర్ విద్యార్థి, కంచరపాలెం

జవాబు: బాబూ, నువ్వు ఇప్పటికే వద్దన్నావు. ఈ వయసులో అంతకంటే కష్టమైన పని ఇంకొకటి లేదని నేను నిజంగా నమ్ముతున్నాను. తోటివారి ఒత్తిడికి తట్టుకునే శక్తి 14 నుంచి 18 ఏళ్ల మధ్య ఏటికేడు పెరుగుతుందని 2007లో స్టైన్‌బర్గ్, క్యాథరిన్ మొనహాన్ ప్రచురించిన పరిశోధన చెబుతోంది. కాబట్టి నువ్వు ఇప్పుడు పడుతున్న ఇబ్బంది ఇదే స్థాయిలో ఎప్పటికీ ఉండదు.

జట్టులో మీరు ఎంతమందో రాయలేదు గానీ, తెస్తున్నది ఇద్దరే అన్నావు. మిగతావారిలో నీలాగే ఇష్టం లేనివాడు కనీసం ఒక్కడైనా ఉండి ఉంటాడు. వాడిని విడిగా కలిసి మాట్లాడు. 1950లలో సోలమన్ ఆష్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. గదిలో అందరూ కలిసి కళ్లెదుట ఉన్న గీత పొడవును తప్పుగా చెబుతుంటే చాలామంది కనీసం ఒకసారైనా వారితో గొంతు కలిపి తప్పు చెప్పారు. నిజం చెప్పే మనిషి మరొక్కడు తోడు ఉంటే అలా లొంగిపోవడం నాలుగో వంతుకు పడిపోయింది. నీకు కావలసింది జట్టంతా మారడం కాదు, ఆ ఒక్కడు.

రాళ్ల దగ్గర వాదించవద్దు, ఉపన్యాసం ఇవ్వవద్దు. "నాకొద్దురా" అని చెప్పి వేరే మాట ఎత్తుకో. గంజాయి బయటికి తీసిన రోజు అక్కడ కూర్చోకుండా లేచి రా. దానికి కారణం ఉంది. గంజాయి దగ్గర ఉంచుకోవడం, తాగడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం. పోలీసులు వచ్చినప్పుడు ఎవరి జేబులోంచి వచ్చిందన్నది తేలేలోపు నువ్వు కూడా స్టేషన్లో ఉంటావు. పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చినవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టంలో ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష ఉంది.

జట్టును పూర్తిగా వదిలేయమని చెప్పను. కానీ ఉన్నది ఒక్క జట్టే కావడం వల్ల వాళ్లు పెట్టిన పేరు నిన్ను ఇంత బాధపెడుతోంది. వారంలో కొన్ని సాయంత్రాలు ఇంకో చోట గడిపేలా చూసుకో. క్రికెట్ మైదానమో, గ్రంథాలయమో, చిన్నప్పటి బడి స్నేహితుడి ఇల్లో, ఏదైనా సరే.

ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పలేకపోతే మేనమామకో, అక్కకో, నమ్మకమున్న లెక్చరర్‌కో చెప్పు. పెద్దవాళ్లలో ఒక్కరికైనా ఈ విషయం తెలిసి ఉండాలి. ఎవరూ లేరనిపిస్తే 1098కు ఫోన్ చేయి, అది పిల్లల సహాయం కోసమే ఉన్న నంబరు.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. స్నేహితురాలి ఇంట్లో చదువుకుంటానని చెప్పి, అబ్బాయిలు కూడా ఉన్న బృందంతో రుషికొండ వెళ్లింది. బంధువులు చూసి చెప్పారు. అబద్ధం చెప్పిందన్నదే నన్ను ఎక్కువగా కలచివేస్తోంది. ఎక్కడుందో తెలిసేలా ఆమెకు తెలియకుండా ఫోన్‌లో యాప్ పెట్టాలనుకుంటున్నాను. తప్పా?
ఒక తండ్రి, మధురవాడ

జవాబు: అయ్యా, తెలియకుండా పెట్టడం తప్పు. ఏదో ఒకరోజు ఆ యాప్ సంగతి ఆమెకు తెలుస్తుంది. ఆ రోజున అబద్ధం చెప్పింది మీరు అవుతారు. స్వీడన్ పరిశోధన గురించి పైన గాజువాక సోదరికి రాసినది మీకూ వర్తిస్తుంది. యాప్ మీకు చోటు చూపిస్తుంది. ఎవరితో ఉంది, ఏం జరుగుతోంది, భయపడుతోందా, సంతోషంగా ఉందా అన్నది ఆమె చెబితేనే తెలుస్తుంది.

నిజంగానే భద్రత కోసం లొకేషన్ తెలియాలనుకుంటే ఆమెతో చెప్పి, ఇంట్లో అందరి ఫోన్లలోనూ పెట్టుకోండి. మీరెక్కడున్నారో ఆమెకూ కనిపించాలి.

ఆ అబద్ధం గురించి కాస్త ఆలోచించండి. "రుషికొండ వెళ్తాం, అబ్బాయిలు కూడా వస్తున్నారు" అని ఆమె నిజం చెప్పి ఉంటే మీరు ఏమనేవారు? వెళ్లనిచ్చేవారే కాదన్నది మీ జవాబైతే, నిజం చెప్పడానికి ఆమెకు దారే లేదు. ఇదే వయసు కొడుకు ఉండి, వాడు స్నేహితులతో బీచ్‌కు వెళితే మీరు నాకు ఉత్తరం రాసేవారా? ఈ ప్రశ్న మిమ్మల్ని నొప్పించాలని అడగడం లేదు. ఇంట్లో ఆడపిల్లకు ఒక నియమం, మగపిల్లవాడికి ఒక నియమం ఉంటే ఆ తేడాను పిల్లలు మనకంటే ముందే పసిగడతారు. అన్యాయమనిపించిన నియమాన్ని వాళ్లు చాటుగా దాటుతారు.

అబద్ధానికి పర్యవసానం ఉండాలి. రెండు వారాలు స్నేహితులతో బయటికి వెళ్లడం ఆపండి, ఆ రెండు వారాలు పూర్తికాగానే దాన్ని ఎత్తేయండి. దానితోపాటు ఎక్కడికి, ఎవరితో, ఎప్పటికి తిరిగి రావాలన్న మూడింటికీ నిజం చెబితే సాధ్యమైనంతవరకు వెళ్లనిస్తానని మాట ఇవ్వండి. రుషికొండ దగ్గర అలలు ప్రమాదకరం కాబట్టి నీళ్లలోకి దిగకూడదన్న నియమాన్ని నిక్కచ్చిగా పెట్టండి. అబ్బాయిలు ఉండటం గురించి కంటే దాని గురించి గట్టిగా మాట్లాడండి. ఈ విషయం చేరవేసిన బంధువుల ముందు మాత్రం ఆమెను ఒక్క మాట కూడా అనకండి.

ప్రశ్న: మా మనవడు ఏడాది నుంచి కాలేజీ ఎగ్గొట్టడం, ఎదురు మాట్లాడటం, ఒకసారి స్నేహితులతో కలిసి పక్కింటి కారు అద్దం పగలగొట్టడం వంటివి చేశాడు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా, వీడు ఇక బాగుపడడేమోనని బెంగగా ఉంది.
విశ్రాంత ఉపాధ్యాయుడు, సీతమ్మధార

జవాబు: మాస్టారూ, న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లలను పరిశోధకులు పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. ఆ అధ్యయనంలో పనిచేసిన టెర్రీ మాఫిట్ 1993లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. కౌమారంలో దుడుకు పనులు చేసేవారిలో అత్యధికులు ఆ వయసులోనే మొదలుపెట్టి, పెద్దయ్యాక మానేస్తారు. శరీరం పెద్దవాళ్లది, హక్కులు మాత్రం చిన్నపిల్లలవి అన్న స్థితిలో తోటివారిని చూసి చేసే పనులే వీరివి. చిన్నతనంలోనే మొదలై జీవితాంతం సాగేవారు చాలా కొద్దిమంది.

మీ మనవడిలో ఇవన్నీ ఏడాది నుంచే అంటున్నారు. చిన్నప్పుడు సౌమ్యంగా ఉండేవాడైతే అంత బెంగ అవసరం లేదు. పక్కింటివారి దగ్గరికి మీరు వెంట తీసుకువెళ్లి క్షమాపణ చెప్పించండి. అద్దం ఖర్చు తండ్రి జేబులోంచి కాకుండా వాడి చేతి ఖర్చు డబ్బులోంచి నెలనెలా కట్టేలా చూడండి.

ఏడెనిమిదేళ్ల వయసు నుంచే కొట్లాటలు, దొంగతనాలు, మూగజీవాలను హింసించడం వంటివి ఉన్నా, ఈ ఏడాదిలో నిద్ర, తిండి, మాట పూర్తిగా మారిపోయినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి అన్నా ఆలస్యం చేయకండి. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు గానీ, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోని మానసిక వైద్య విభాగానికి గానీ తీసుకువెళ్లండి. ముందుగా ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416 ఉంది. అందులో తెలుగులో, ఉచితంగా, రాత్రి పగలు ఎప్పుడైనా మాట్లాడవచ్చు. మనవడు రానంటే ముందు మీరే చేసి సలహా తీసుకోండి.